268 ఓట్లు, ఐదు కేంద్రాల చీటీలు

చేవెళ్ల మండలంలోని ఆలూరు లాంటి ఊళ్లలో సర్పంచి ఎన్నిక ఒక్క రోజులో తేలిపోతుంది. 2019 జనవరి పంచాయతీ ఎన్నికల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ ముగిసింది. రెండు గంటలకు లెక్కింపు మొదలైంది. బ్యాలెట్ పత్రాలను ఏజెంట్ల కళ్లెదుటే విప్పి, గుర్తుల వారీగా కట్టలు కట్టారు. చదువు రాని ఏజెంటు కూడా ఆ గుర్తును చూసి లెక్క సరిపోయిందో లేదో చెప్పగలడు. ఓడినవారు బాధపడినా, తమ ఓట్లు ఏమయ్యాయని అడగాల్సిన అవసరం తక్కువ.

అదే ఓటరు శాసనసభ ఎన్నికలో మీట నొక్కుతాడు. 2023 డిసెంబరు 3న చేవెళ్ల ఫలితం వచ్చినప్పుడు కాలె యాదయ్య, పామెన భీంభరత్‌పై 268 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆ ఫలితంలో తప్పు జరిగిందని మేము అనడం లేదు. అలా అనడానికి ఆధారమూ లేదు. మా ప్రశ్న వేరు. ఇంత స్వల్ప తేడా వచ్చినప్పుడు, లెక్క సరైనదేనని మామూలు ఓటరుకు చూపించే ఏర్పాటు ఉందా?

యంత్రాలను పరీక్షించాలన్న మాట మన దగ్గర కొత్తది కాదు. 2010లో హైదరాబాదు ఇంజినీరు హరిప్రసాద్, ఇద్దరు విదేశీ నిపుణులతో కలిసి ఒక అసలు ఈవీఎంను పరిశీలించారు. యంత్రం చేతికి చిక్కితే దాని తెరను మార్చి, కనిపించే ఓట్ల సంఖ్యను తారుమారు చేయవచ్చని చూపించారు. ఆ యంత్రం ముంబైలో భద్రపరచిన చోటు నుంచి పోయిందన్న కేసులో ఆయనను 2010 ఆగస్టు 21న అరెస్టు చేశారు. సీళ్లు, కాపలా ఉండగా యంత్రం ఎవరి చేతికీ చిక్కదని ఎన్నికల సంఘం వాదన. అందులో బలం ఉంది. కానీ యంత్రం చుట్టూ కాపలా ఉండడం వేరు, అది చెప్పిన లెక్కను సరిచూసుకోవడం వేరు.

ఆ సరిచూపు కోసమే వీవీప్యాట్ వచ్చింది. నిష్పక్షపాత ఎన్నికలకు కాగితపు సాక్ష్యం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013 అక్టోబరులో చెప్పింది. మీట నొక్కాక ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడే చీటీ అదే. కానీ పెట్టెలో పడిన చీటీలన్నీ లెక్కకు రావు. చంద్రబాబు నాయుడు తదితర ప్రతిపక్ష నేతలు సగం చీటీలైనా లెక్కించాలని కోరగా, ఒక్కో శాసనసభ స్థానంలో ఒక కేంద్రానికి బదులు ఐదు కేంద్రాల చీటీలు లెక్కిస్తే చాలని 2019 ఏప్రిల్ 8న కోర్టు తీర్పు ఇచ్చింది. అన్ని చీటీలూ లెక్కించాలన్న విన్నపాన్ని 2024 ఏప్రిల్ 26న తోసిపుచ్చింది. అయితే రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఏడు రోజుల్లోగా కోరితే, ఐదు శాతం యంత్రాల మెమరీని ఇంజినీర్లు పరీక్షించే అవకాశం ఇచ్చింది. అందుకు 2024లో సంఘం పెట్టిన రుసుము పన్నుతో కలిపి ఒక్కో సెట్టుకు 47,200 రూపాయలు. తారుమారు తేలితేనే ఆ సొమ్ము తిరిగి వస్తుంది.

అంటే అడిగే హక్కు అభ్యర్థికే ఉంది, అదీ డబ్బున్న అభ్యర్థికి. చీటీలు లెక్కించమని అభ్యర్థి రాతపూర్వకంగా కోరవచ్చు గానీ, ఒప్పుకోవడం రిటర్నింగ్ అధికారి ఇష్టం. ఓటరుకు ఏ పాత్రా లేదు.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2017 నుంచి మరో దారి పట్టింది. ఫలితం ప్రకటించే ముందు కొన్ని ఓటు పత్రాలను లాటరీ పద్ధతిలో ఎంచి, యంత్రం లెక్కతో పోలుస్తారు. తేడా తక్కువగా ఉంటే ఎక్కువ పత్రాలు చూస్తారు. ఎవరూ ఫిర్యాదు చేయనక్కరలేదు.

మన దగ్గర చీటీలు ఇప్పటికే అచ్చవుతున్నాయి, పెట్టెల్లో ఉన్నాయి. ఆధిక్యం ఒక హద్దుకన్నా తగ్గితే ఆ నియోజకవర్గం చీటీలన్నీ తప్పనిసరిగా లెక్కించాలని నియమం తెస్తే చాలు. ఒక రోజు ఆలస్యమైతే నష్టం లేదు.

మన సంఘాల్లో ఆదివారం కానుకలను ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కిస్తారు. కోశాధికారి మీద అనుమానంతో కాదు, రేపు ఎవరూ ఆయనను వేలెత్తి చూపకూడదని. చీటీలు లెక్కిస్తే మేలు ఓడినవారికే కాదు. 268 ఓట్లతో గెలిచినవారికీ, ఆ లెక్క చెప్పిన అధికారికీ అది రక్షణే.