సోమవారం కడుపునొప్పి



శంషాబాదు చుట్టుపక్కల పల్లెల్లో గృహదర్శనానికి వెళ్ళినప్పుడు తల్లులు మాతో తరచుగా ఒక మాట అంటుంటారు: “అయ్యగారూ, మా పిలగాడు ఐతారం మంచిగనే ఉంటడు. సోమారం పొద్దుగాల బడి అనంగనే కడుపు నొస్తుందంటడు.” కొన్ని ఇళ్ళలో దానిని నాటకమనుకొని రెండు దెబ్బలు వేసి పంపుతారు. కాని ఆ నొప్పి చాలాసార్లు నిజమైనదే. ఆరు నుండి పదేళ్ళ బిడ్డకు భయము, అవమానము, దిగులు వంటివి మాటల్లో పెట్టి చెప్పడం ఇంకా చేతకాదు. అందుచేత శరీరమే మాట్లాడుతుంది. కడుపునొప్పి, తలనొప్పి వస్తాయి. మానిపోయిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. చెల్లెలి మీద ఊరకే కోపం వస్తుంది. ముందుగా డాక్టరుకు చూపించాలి. రోగమేమీ లేదంటే అంతటితో ఊరుకొనక, మనసులో ఏమున్నదో తెలిసికొనాలి.

మన ప్రాంతములో బిడ్డల దినచర్య ఎంత మారిందో గమనించండి. 2008 మార్చి 23న ఇక్కడి విమానాశ్రయం ప్రారంభమైంది. బేగంపేటకు వెళ్ళే విమానాలు ఇటు రాసాగాయి. సుమారు 5,500 ఎకరాల నేల అందులో చేరింది. ఉద్యోగాలు వచ్చాయి, అందుకు దేవునికి స్తోత్రము. అయితే తండ్రికి నైట్ డ్యూటీ, తల్లికి తెల్లవారు షిఫ్టు ఉన్న ఇంట్లో బిడ్డకు నిద్ర చాలదు. పగలు నాయన పడుకొంటే “చప్పుడు చెయ్యకు” అంటారు. రాత్రి టీవీ, ఫోను, పెద్దల తగవులు. మాట చెప్పుకొనే వేళ ఏది?

ఇటువంటి మార్పే జర్మనీలోని మ్యూనిక్‌లో 1992లో జరిగింది. పాత విమానాశ్రయం మూసి, వేరొకచోట కొత్తది తెరిచారు. పరిశోధకులు రెండుచోట్ల బడిపిల్లలను మార్పుకు ముందూ తరువాతా పరీక్షించారు. కొత్తదాని దగ్గర మోతలో ఉన్న పిల్లల చదివే శక్తి, జ్ఞాపకశక్తి తగ్గాయి. ఆందోళన గుర్తులు వారి శరీరంలో కూడా కనబడ్డాయి. పాతదాని దగ్గర మోత ఆగిన తరువాత పిల్లలు తేరుకొన్నారు. దీనిలో మనకు ఆదరణ ఉన్నది. విమానాల మోత మన చేతిలో లేదు గాని, ఇంటిలోని మోత మన చేతిలోనే ఉన్నది. అది తగ్గితే పసి మనసు తేరుకొనడానికి వీలు కలుగుతుంది.

1 రాజులు 19వ అధ్యాయములో ఏలీయా చావు కోరుకొని చెట్టు క్రింద పడుకొన్నాడు. దూత అతనిని గద్దించలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి మరల పడుకొననిచ్చాడు. ఆ తరువాతనే దేవుడు అతనిని ప్రశ్నించి, అతడు చెప్పినదంతా విన్నాడు. గాలిలోను, భూకంపములోను, అగ్నిలోను గాక మెల్లని స్వరముతో మాట్లాడాడు. ముందు తిండి, నిద్ర, తరువాత ప్రశ్న, అదీ మెల్లగా. మన బిడ్డల విషయములోనూ ఇదే క్రమము పాటిద్దాము.

ఈ వయసు పిల్లలకు రాత్రికి 9 నుండి 12 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పడుకొనే ముందు ఒక గంట టీవీ, ఫోను కట్టివేయండి. రోజూ పావుగంట బిడ్డ దగ్గర కూర్చోండి. “ఎన్ని మార్కులు?” అని గాక, “ఈ రోజు ఎవరితో ఆడుకొన్నావు? ఎక్కడైనా భయమేసిందా?” అని అడగండి. చెప్పేటప్పుడు మధ్యలో బుద్ధులు చెప్పకండి. కుటుంబ ప్రార్థనలో “ప్రభువా, వీడు చదవడు, వీనికి బుద్ధి ఇయ్యి” అని అందరి ముందు ఎత్తి చెప్పకండి. బిడ్డకు అది ప్రార్థనగా వినబడదు, దేవుని యెదుట చాడీ చెప్పినట్టు వినబడుతుంది.

కొందరు బెత్తము గురించిన సామెతలు చూపిస్తారు. వారు ఎఫెసీయులకు 6:4 కూడా చదవాలి. అక్కడ ఆజ్ఞ పిల్లలకు కాదు, తండ్రులకు. బడిలో కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టము 17వ సెక్షన్ నిషేధించింది. బిడ్డ బడిలో భయపడుతుంటే టీచరుగారిని కలిసి నెమ్మదిగా మాట్లాడండి.

దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, చచ్చిపోతాననే మాట ఒక్కసారి వినబడినా, ఆలస్యము చేయకండి. టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే రాత్రింబగళ్ళు ఉచితంగా, తెలుగులోనే సలహా ఇస్తారు. బిడ్డను ఎవరైనా హింసిస్తుంటే 1098కు చెప్పండి. దిష్టి అని తాయెత్తు కట్టించకండి. డాక్టరు దగ్గరకు వెళ్ళడం అవిశ్వాసము కాదు. జ్వరానికి ప్రార్థన చేసి మందు కూడా వేస్తాము కదా, మనసు నొప్పికీ అంతే.

వచ్చే సోమవారం కడుపునొప్పి అంటే, కసరక ముందు దగ్గరకు తీసికొనండి. “ఏమైంది నాన్నా?” అని అడిగి, బిడ్డ నోరు తెరిచేదాకా ఓపిక పట్టండి.