పుక్కటికొచ్చిన కార్డు, దుడ్డు పెట్టిన బస్తా

మన పల్లెల్లో చాలామంది రైతుల ఇండ్లలో భూసార పరీక్ష కార్డు ఉంటుంది. దేవుని పటం వెనకాలో, రేషన్ కార్డు పెట్టిన సంచిలోనో దోపి ఉంటుంది. 2015 ఫిబ్రవరిలో కేంద్రం ఈ కార్డుల పథకం పెట్టినప్పటి నుంచీ పైసా ఖర్చు లేకుండా ఇంటికే వస్తున్నాయి. అందులో ఏముందని అడిగితే మాత్రం "ఏమోనప్పా, ఇచ్చినారు, పెట్టుకున్యాం" అనే జవాబే ఎక్కువ. మట్టి ఏ చేన్లో తీసినారో, ఎవరు తీసినారో కూడా తెలియని వాళ్లున్నారు. అదే రైతు డి.ఏ.పి. బస్తాకు 1350 రూపాయలు పోసి తెచ్చుకుంటే, తడవకుండా, చిరగకుండా కన్న బిడ్డను చూసుకున్నట్లు చూసుకుంటాడు. ఎందుకని? దాంట్లో తన చెమట ఉంది.

ఇది ఊరికే ఎత్తిపొడవడానికి చెప్పే మాట కాదు. లెక్క చూడండి. కోవెలకుంట్ల, సంజామల, పెద్దముడియం రేగళ్లలో శనగకు ఎకరాకు రెండు బస్తాల డి.ఏ.పి. వేసే అలవాటు చాలామందికి ఉంది. విశ్వవిద్యాలయం వారు చెప్పేది ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం. ఒక బస్తా డి.ఏ.పి.లోనే 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉన్నాయి. అంటే ఒక బస్తాతోనే సరిపోయింది. రెండో బస్తా రేగడిలో సున్నంతో కలిసి బిగుసుకుంటుంది, పైరుకు అందేది తక్కువ. పైగా భాస్వరం మరీ ఎక్కువైతే జింకు లోపం కనబడుతుంది. ఐదెకరాల రైతుకు ఆ రెండో బస్తా ఖర్చు 6750 రూపాయలు. ఆ కార్డు తీసి ఒక్కసారి చదివించుకుంటే మిగిలే దుడ్డు అది. అదే కార్డుకు తానే రెండు మూడు వందలు కట్టి ఉంటే? "నా దుడ్డుకు ఏం రాసినారో చెప్పు సామీ" అని కార్డు పట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాడు.

పనికి ఫలం ఇచ్చి పని చేయించుకోవడం మనకు కొత్త కాదు. కళ్లంలో కుప్ప నూర్చినంక ఇంటికి గింజ పోకముందే వడ్లాయనకు, కమ్మరాయనకు, చాకలాయనకు మేర కొలిచేవాళ్లు. చెరువు కింద నీరుగంటికి కూడా మేర ఉండేది. మేర కొలిచిన రైతు గొర్రు చెక్కడం ఆలస్యమైతే ఊరుకునేవాడు కాదు. నీరుగంటి చివరి కయ్యకు నీళ్లు పారించకపోతే రచ్చబండ దగ్గర నిలదీసేవాడు. అటు ఆయగాడికి కూడా రైతు చేను పండితేనే మేర. ఆ పద్ధతిలో అన్యాయాలు లేకపోలేదు, కొలిచిన చేయి పైన, పట్టిన చేయి కింద అన్న పెత్తనం దండిగా ఉండేది. దాన్ని మళ్లీ తెమ్మని ఎవరూ అనరు. అడిగే హక్కు, చేసే బాధ్యత రెండూ ఒకే కొలతలో ఉండేవన్నదే ఇక్కడ పట్టుకోవాల్సిన సంగతి.

అయితే వెల పెట్టినంత మాత్రాన అన్నీ బాగుపడతాయనుకోవడం కూడా తప్పు. అందుకు మన కె.సి. కాలువే సాక్ష్యం. సుంకేసుల నుంచి కడప దాకా ఈ కాలువ తవ్వింది సర్కారు కాదు, మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే తెల్లవాళ్ల కంపెనీ. 1863లో పని మొదలుపెట్టింది. నీళ్లమ్మి లాభం తీయాలని ఆశ. రేగడి రైతు ఆ నీళ్లు కొనలేదు. జొన్న, కొర్ర, పత్తి వానకే పండుతుంటే దుడ్డు పెట్టి నీళ్లెందుకన్నాడు. కరువొచ్చిన ఏడు మాత్రం పరిగెత్తుకొచ్చాడు. కంపెనీ పెట్టుబడికి ఏడాదికి 5 శాతం వడ్డీ వచ్చేటట్లు ప్రభుత్వం ముందే హామీ ఇచ్చి ఉండె. రైతు నీళ్లు కొన్నా కొనకపోయినా వడ్డీ వస్తుంటే రైతుకు ఏం కావాలో కనుక్కునే తొందర కంపెనీకి ఎందుకుంటుంది? చివరికి 1882లో సర్కారే కాలువను కొనుక్కుంది. అక్కరలేని దానికి రైతు దుడ్డు కట్టడు. కట్టకపోయినా జీతం ఆగని చోట పనివాడు రైతు మాట వినడు. రెండు పాఠాలూ ఆ కాలువ గట్టు మీదే ఉన్నాయి.

తర్వాత 1996-97లో నీటి తీరువా పెంచినారు. పెద్ద ప్రాజెక్టుల కింద మొదటి తరి పంటకు ఎకరాకు 60 రూపాయలుండేది 200 అయింది. 1997లో చట్టం తెచ్చి నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టినారు. పెంచినప్పుడు అందరూ తిట్టుకున్నారు గానీ, మైదుకూరు, చాపాడు చివరి కయ్యల రైతు "తీరువా కట్టినాను, నీళ్లేవి?" అని అడగడానికి చేతిలో ఒక రసీదు అంటూ ఉండింది.

మెట్టలో కథ వేరు. 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడింది. దాన్ని తప్పు పట్టే ధైర్యం, అవసరం రెండూ ఈ రచయితకు లేవు. కాలువ రైతుకు సర్కారు దుడ్డుతో నీళ్లొస్తుంటే, మెట్ట రైతు భార్య మెడలో పుస్తెలు తాకట్టు పెట్టి బోరేసుకున్నాడు. ఆ కాడికి కరెంటన్నా ఇవ్వడం న్యాయమే. కానీ బిల్లు లేని మోటరుకు ఆటో స్టార్టరు బిగించి రైతు ఇంట్లో పండుకుంటే, కరెంటు వచ్చినప్పుడల్లా నీళ్లు కయ్య దాటి రస్తాలో పారుతున్నాయి. పారేది పుక్కటి కరెంటే గానీ, ఇంకేది మన బోరే. ఆ తర్వాత సంవత్సరాల్లో భూగర్భజలాల పథకం ఒకటి మన రెండు పాత జిల్లాలతో కలిపి ఏడు జిల్లాల్లో నడిచింది. అందులో రైతులే వాన కొలిచినారు, బోరు నీటి మట్టం కొలిచినారు, రబీకి ముందు ఊర్లో నీళ్లెన్ని, ఏ పైరుకెన్ని అని లెక్క గట్టినారు. వాళ్లు పెట్టింది దుడ్డు కాదు, ఒంటి కష్టం. కష్టం పెట్టినా అంతే, లెక్క మీద మమకారం పుడుతుంది.

ఇంక అన్నింటికన్నా ఖరీదైన ఉచితం ఒకటుంది. అది పురుగుమందుల అంగట్లో దొరికే సలహా. ఆకు తెంపుకొని పోయి చూపిస్తే అంగడాయన దమ్మిడీ అడగడు. మూడు డబ్బాలు చేతిలో పెడతాడు. అప్పు కూడా ఇస్తాడు. సలహా వెల ఆ డబ్బాల్లోనే ఉంది, దానికి వడ్డీ కూడా ఉంది. అంగడాయన్ను తిట్టి లాభం లేదు, ఆయన వ్యాపారం ఆయనది. పత్తికో మిరపకో పురుగు పట్టినప్పుడు మందు అమ్మని మనిషిని అడగడం మన పని. యాగంటిపల్లె, బనవాసి, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. 1906 నుంచి నంద్యాలలో పరిశోధన స్థానం ఉంది. 1800-180-1551కు ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు. ఇవేవీ ధర్మానికి నడిచేవి కావు. డీజిల్ మీద, బీడీ కట్ట మీద మనం కట్టే పన్నుతో నడిచేవే. ముందే దుడ్డు కట్టిన వాడు అడిగినట్లే అక్కడ అడగాలి. దండం పెట్టి నిలబడాల్సిన పని లేదు.

బోరు సంగతి చెప్పకుంటే ఈ మాట పూర్తి కాదు. పులివెందుల, వేంపల్లె పక్క చీనీ తోట ఎండుతుంటే రైతు అడుగుల లెక్కన బోరు బండికి లక్షలు పోస్తాడు. పాయింటు చూపించేందుకు మాత్రం అరచేతిలో టెంకాయ పెట్టుకుని తిరిగే ఆయన్ను పిలుస్తాడు. ఆయనకూ దుడ్డు ఇస్తాడు. నీళ్లు పడకపోతే మాత్రం "నా రాత" అంటాడు గానీ ఆయన్ను అడగడు. దుడ్డిచ్చీ అడగలేని చోట అది దక్షిణ అవుతుంది, కూలి కాదు. భూమిలో కడ్డీలు దించి మిషనుతో చూసే భూగర్భ నిపుణుడైనా నూటికి నూరు చెప్పలేడు. కానీ ఎన్ని అడుగుల్లో ఏ పొర ఉందో, ఎక్కడ దాకా వేసి ఆపాలో కాగితం మీద రాసి సంతకం పెట్టమని అడగొచ్చు. కొన్ని చోట్ల "ఇక్కడ వేయొద్దు" అనే మాటే లక్ష రూపాయలు మిగిలిస్తుంది. దానికి ఇచ్చే ఫీజు దండగ అనుకునే వాళ్లను చూస్తే బాధ వేస్తుంది.

"రెండెకరాల వానికి బియ్యానికే దుడ్డు లేదు, నువ్వు ఫీజులంటావే" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన మాట. కౌలు రైతుకైతే భూమి తనది కాదు, రసీదు తన పేరున రాదు. టీకాలు, కరువు సాయం, తాగే నీళ్లు, ఇట్లాంటివాటికి వెల కట్టమనేవాడు మనిషి కాడు. ఈ మాటను సాకు చేసుకుని సర్కారు రైతు సేవా కేంద్రాలకు తాళం వేస్తే అదీ ఒప్పుకునేది లేదు. ఒక్కరికి భారమైంది పదిమందికి కాదు. ఒకే గట్టు మీది పదిమంది కలిసి తలా వంద వేసుకుంటే భూగర్భ నిపుణుడో, పశువుల డాక్టరో ఊర్లోకే వస్తాడు. పదిమంది ముందర చెప్పిన మాట తేలిగ్గా తప్పలేడు కూడా.

పంట బీమా చూడండి. మన రాష్ట్రంలో కొన్నేండ్లు రైతు వాటా ప్రీమియం సర్కారే కట్టింది. చాలామందికి తమ చేనుకు బీమా ఉందో లేదో కూడా తెలియదు. 2024-25 రబీ నుంచి రైతు వాటా మళ్లీ మన నెత్తిన పడింది. ఆహార పంటలకు, నూనె గింజలకు ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం మించదు. ఎకరాకు 30 వేలకు బీమా అనుకుంటే రబీలో కట్టేది 450 రూపాయలు. కట్టడం కష్టమే. కట్టేవాళ్లు రసీదు అక్కడే చదివించుకోండి. సర్వే నంబరు, పైరు పేరు, ఎకరాలు, బ్యాంకు ఖాతా నాలుగూ సరిగా ఉన్నాయా చూడండి. ఈ-పంటలో రాసింది, రసీదులో రాసింది ఒకటే కావాలి. శనగ రాసిన చోట జొన్న పడితే అప్పుడే దిద్దించాలి, పంట పోయినంక ఎవరూ దిద్దరు.