కుబుసం విడవవలసింది మనమే

"సావనీరుకు ఏదైనా రాయండి సార్" అని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. క్రమశిక్షణ గురించో, చదువు గురించో రాస్తానని వాళ్ళు అనుకొని వుంటారు. నేను పాముల గురించి రాస్తున్నాను. నవ్వకండి, కారణం వుంది.

మొన్న హైదరాబాదు పోయినప్పుడు మన కళాశాల పూర్వ విద్యార్థి ఒకడు తన గదికి తీసుకుపోయాడు. మూలన అద్దాల పెట్టె. అందులో బాల్ పైథాన్. "సార్, ఏడాదిగా దీన్ని సాదుతున్న. విషం లేదు, కరవదు. కానీ వారం నుండి తిండి ముడతలేదు, కళ్ళు తెల్లబడ్డయి. గుడ్డిదైతదేమో" అని దిగులుపడ్డాడు.

నేను చూశాను. కళ్ళు నీలంగా మబ్బు పట్టి వున్నాయి, చర్మం మసకబారింది. జబ్బు కాదు, కుబుసం విడవబోతున్నది. పాత పొరకూ కొత్త పొరకూ మధ్య ద్రవం చేరితే కళ్ళు అట్లా అవుతాయి. నాలుగైదు రోజులకు కళ్ళు మళ్ళీ తేటపడతాయి, ఆ తరువాత ముక్కును రాతికి రాసి పొరను మేజోడు తీసినట్టు విడుస్తుంది. అన్నాళ్ళూ దానికి చూపు సరిగా ఆనదు కనుక బెదురు ఎక్కువ. ముట్టుకోరాదు, తిండి పెట్టరాదు. పెట్టెలో తేమ పెంచాలి. తేమ చాలకపోతే కుబుసం ముక్కలై వస్తుంది, కంటి మీది పొర అతుక్కొని మిగిలిపోతుంది. దాన్ని గోటితో గీకితే కన్ను పోతుంది. ఈ సంగతులేవీ అమ్మినవాడు మా వాడికి చెప్పలేదు. డబ్బు మాత్రం లెక్కపెట్టి తీసుకున్నాడు.

ఈ పాము పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలది. భయం వేస్తే తల లోపల దాచుకొని బంతిలాగా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. మూడు నుండి అయిదు అడుగులు పెరుగుతుంది. సరిగా చూసుకుంటే ఇరవై ముప్పయి ఏళ్ళు బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో అరవై ఏళ్ళు దాటిన ఆడపాము, పదిహేనేళ్ళకు పైగా మగపాము జాడ లేకుండానే, 2020లో 7 గుడ్లు పెట్టింది! డిగ్రీలో చేరిననాడు సరదాకు కొన్న పాము, కొన్నవాడి పిల్లలు డిగ్రీలో చేరేదాకా వుంటుందన్నమాట. అంత ఓపిక మనలో ఎందరికి వుంది?

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నా చిన్నతనం ఎల్లారెడ్డి దగ్గరి పల్లెలో గడిచింది. ఒక ఎండాకాలం మొదట్లో చెరుకు నరుకుతుంటే ఎండుటాకు కింద కొండచిలువ కనబడింది. కేకలు, కట్టెలు. చిత్రం ఏమిటంటే అది పారిపోలేదు. చుట్ట చుట్టుకొని అట్లనే వుండిపోయింది. నేనూ ఒక రాయి వేశాను. చచ్చినాక చుట్ట విప్పితే లోపల గుడ్లు. "బాపూ, ఇది ఎందుకు ఉరకలే?" అని అడిగితే, "తిని బలిసింది రా" అన్నాడు బాపు.

డిగ్రీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు జవాబు దొరికింది. తల్లి కొండచిలువ సుమారు రెండు నెలలు గుడ్లను చుట్టుకొని పడుకుంటుంది. చలిగా వుంటే కండరాలను వణికించి తన ఒంటివేడితో గుడ్లను కాస్తుంది. బాల్ పైథాన్ తల్లీ అట్లాగే గుడ్లను వదలదు. ఆనాడు మేము కొట్టింది బలిసిన జంతువును కాదు, గుడ్లు విడిచి కదలని తల్లిని. ఆ రాయి ఇంకా నా చేతిలో వున్నట్టే వుంటుంది.

అందుకే నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతున్నాను. మన పొలంలోని కొండచిలువను కట్టెతో కొట్టి, విదేశీ కొండచిలువను అద్దాల్లో పెట్టుకోవడం జీవకారుణ్యం అనిపించుకోదు. మొదటిది భయం, రెండవది డాబు. రెంటికీ మూలం అజ్ఞానమే.

డాబుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో చూడండి. 2023 సెప్టెంబరులో బెంగళూరు విమానాశ్రయంలో, బ్యాంకాక్ నుండి వచ్చిన పెట్టెల్లో 55 బాల్ పైథాన్లు, 17 రాచనాగులు దొరికాయి. వాటితో వచ్చిన 6 కపూచిన్ కోతులు చచ్చిపోయి వున్నాయి. ఇక రంగుల పిచ్చి వేరే. 'స్పైడర్' అనే రకాన్ని అందమైన చారల కోసం జతకట్టించి పెంచుతారు. ఆ చారలతోపాటే తల వణికే నరాల లోపమూ పుడుతుంది. రంగు కోసం రోగాన్ని పెంచడం ఏమి పెంపకం?

"పెంచితేనే కదా సార్ పాములంటే భయం పోయేది?" అని మా వాడు అడిగాడు. అందులో నిజం లేకపోలేదు. వాడికి భయం పోయింది, ప్రేమ కూడా కలిగింది. కాదనను. ఇప్పటికే ఇంట్లో వున్నదాన్ని బయట వదలమనీ అనను, అది ఇక్కడి జీవి కాదు. వెచ్చని చోటు, చల్లని చోటు, దాగే గూడు, తేమ ఇచ్చి చివరిదాకా చూసుకోవాలి. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం ఇటువంటి విదేశీ జంతువుల వివరాలు నమోదు చేయించాలి, పిల్లలు పుట్టినా తెలపాలి. మన కొండచిలువనైతే పెంచడమే నేరం, అది 1972 చట్టంలో మొదటి షెడ్యూలు జీవి. కొత్తగా కొనవద్దన్నదే నా మాట. భయం పోవడానికి పామును కొననక్కర లేదు, తెలుసుకుంటే చాలు.

మన జిల్లాలో తెలుసుకోవలసినవి చాలా వున్నాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర, ఈ నాలుగింటిని గుర్తుపట్టగలిగినవారు మన తరగతిలో ఎందరు? మచ్చలు చూసి కొండచిలువ పిల్లను రక్తపింజర అని కొట్టేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. నాగుల పంచమినాడు పాలు పోస్తాం, పాముకు పాలు ఆహారమే కాదు. మరునాడు అదే పాము ఇంట్లోకొస్తే కట్టె అందుకుంటాం.

విద్యార్థి మిత్రులారా! ఈ సంవత్సరం సంఘం తరఫున ఒక్క పని చేయండి. మన ప్రాంతపు పాముల బొమ్మలతో, అటవీశాఖ ఫోను నంబరుతో ఒక బోర్డు కళాశాల గేటు దగ్గర పెట్టండి. సెలవులకు ఊరికి పోయినప్పుడు పామును చూసి ఎవరైనా కట్టె ఎత్తితే, "ఆగు కాకా, ఫోను చేద్దాం" అనండి.

పాము ఏడాదికి ఎన్నోసార్లు పాత పొర విడుస్తుంది. మన భయాన్నీ డాబునూ మనం ఒక్కసారైనా విడవలేమా?