చెప్పి రండి ఓనరుగారూ!

"నా ఇంట్లకు నేను రావొద్దా?" అని మేడ్చల్ ఓనరుగారు అడిగినప్పుడు ఆ మాటలో దౌర్జన్యముకంటె నిజమైన ఆశ్చర్యమే ఎక్కువగా వినబడునండీ. చుట్టుపక్కల కళాశాలలును కర్మాగారములును వెలసిన పిదప, ఉన్న కొద్దిపాటి జాగాలో అప్పు చేసి మూడంతస్తులు లేపి, క్రింద తాను కాపురముండి పై పోర్షన్లు కిరాయికిచ్చిన ఆ పెద్దమనిషికి, నెలనెలా సొమ్ము పుచ్చుకొనుటతోనే తన ఇంటిలో కొంత భాగమునకు తానే అతిథి అయినాడన్న సంగతి ఒంటబట్టుట కష్టమే. అందుచేతనే మోటరు వేయ వచ్చి వంటగదిలోనికి తొంగిచూచుటయు, కిరాయికున్న పిల్లలు కాలేజీకి పోయిన వేళ తన యొద్దనున్న రెండవ తాళంచెవితో తలుపు తీసి "ఫ్యాన్లు బంద్ చేసిన్రో లేదో చూసిన" ననుటయు ఆయన దృష్టిలో బాధ్యతలే గాని అపరాధములు కావు.

మరి చట్టమేమనుచున్నది? 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమున్నది గాని, 2005 సవరణతో నగరపాలక సంస్థలలో నెలకు 3,500, ఇతరత్ర 2,000 రూపాయలు దాటిన ఇండ్లు దాని పరిధినుండి తొలగిపోయినవి. శామీర్‌పేటలో రెండువేలకు పోర్షను దొరుకునని ఎవరైన అన్నచో ఆ చిరునామా ముందుగా నాకు చెప్పవలెను. కావున మనకు దిక్కు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే. దాని 108వ సెక్షను, కిరాయి సక్రమముగా చెల్లించువాడు ఆటంకము లేక ఇంటిని అనుభవింపవచ్చునని అభయమిచ్చుచునే, తగిన వేళలందు యజమాని వచ్చి ఇంటి స్థితి చూచుటకు అడ్డు చెప్పరాదని కూడ అనుచున్నది. ఆ వేళ ఏదో, ముందుగా చెప్పవలెనో వలదో అది తేల్చలేదు. 2021 నాటి కేంద్రపు నమూనా అద్దె చట్టము తేల్చినది: 24 గంటల ముందు తెలుపవలెను, సూర్యోదయమునకు ముందును సూర్యాస్తమయము తరువాతను రారాదు. రాష్ట్రము తనదిగా చేసికొననిదే నమూనా నమూనాయే.

రాజ్యాంగమున్నది గదా అందురేమో. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారుకును కెనరా బ్యాంకుకును నడుమ నడిచిన వ్యాజ్యమున 2004లో సుప్రీంకోర్టు, ఏకాంతపు హక్కు స్థలమునకు గాక మనిషికి చెందినదని చెప్పి, అధికారులు జొరబడి కాగితములు తిరగవేయుటకు వీలిచ్చిన ఆంధ్రప్రదేశ్ స్టాంపు చట్ట సవరణను కొట్టివేసినది. 2017లో పుట్టస్వామి కేసున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఆ ఏకాంతపు హక్కును ప్రాథమిక హక్కుగా స్థిరపరచిరి. అయితే అవన్నియు ముఖ్యముగా సర్కారును నిలువరించు ఆయుధములు. నల్లా కారుచున్నదని పైకి వచ్చిన ఓనరుగారిపై రిట్ పిటిషను వేయుట శామీర్‌పేట నల్సార్‌ న్యాయ విశ్వవిద్యాలయములో చదువు పిల్లలకైనను తోచదు.

ఆపద వేళ మాట వేరు. 2023 సెప్టెంబరులో మన మేడ్చల్ జిల్లా మైసమ్మగూడలో విద్యార్థులుండు అపార్టుమెంట్లు నీట చిక్కినప్పుడు నోటీసు ఏదని అడుగు వెర్రివాడెవ్వడు?

108వ సెక్షను సూత్రములన్నియు వేరు ఒప్పందము లేనప్పటికే గనుక, మన రక్ష జిరాక్సు షాపులో దొరకు ఆ పదకొండు నెలల అగ్రిమెంటులోనే యున్నది. సున్నమునకు, కరెంటు బిల్లుకు, గోడకు కొట్టు మేకుకు సైతము దానియందు చోటు కలదు గాని తలుపు తట్టుటకు లేదు. "ఒకరోజు ముందు ఫోను చేసి, మేమున్నప్పుడే వచ్చెదరు, రెండవ తాళంచెవి మా యొద్దనే యుండును" అని ఒక పంక్తి వ్రాయించుడు. ఓనరుగారు చదివి నవ్వినను సరే, అడ్వాన్సు చేతికిచ్చుటకు ముందే సంతకము పెట్టించుకొనుడు.