టక్కుమంటే బాల్ జాయింటేనా?

పికప్ స్టీరింగు తిప్పినప్పుడు ముందు నుంచి టక్కుమంటే చాలు, బండి కిందికి వంగి చూడకుండానే "బాల్ జాయింట్లు పోయాయి, రెండు వైపులా మార్చేద్దాం" అని తేల్చేసే షెడ్లు ఊరూరా ఉన్నాయి. కార్ల పని తెలిసినవాళ్లు ఇంకో మెట్టు ఎక్కి "స్ట్రట్ మౌంట్ బేరింగు" అంటారు. ముందు ఈ రెండో మాట సంగతి చూద్దాం. చిన్న కార్లలో ఉండే మెక్‌ఫెర్సన్ స్ట్రట్‌లో స్టీరింగుతో పాటు స్ప్రింగూ తిరుగుతుంది, అందుకే పైన బేరింగు. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌కి గానీ, టొయోటా హైలక్స్‌కి గానీ ముందున్నది డబుల్ విష్‌బోన్. అక్కడ స్ప్రింగు స్టీరింగుతో తిరగదు, ఆ బేరింగూ ఉండదు. లేనిది ఎలా పోతుంది?

ఇక బాల్ జాయింటు. అది పోదని ఎవరన్నారు? కింది జాయింటు ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది, ఆ భయం న్యాయమే. కానీ భయపెట్టేవాళ్లు పరీక్షించరు. పరీక్షించేవాళ్లేమో జాకీ ఛాసిస్ కింద పెట్టి, చక్రం ఊపి, "ప్లే లేదు" అంటారు. అలా లేపితే స్ప్రింగు లోయరార్మును కిందికి తోసి జాయింటును బిగబట్టి ఉంచుతుంది, అరిగినా బయటపడదు. జాకీ లోయరార్ము కిందే, జాయింటుకు దగ్గరగా పెట్టాలి. అప్పుడు టైరు కింద రాడ్డు వేసి ఎత్తితే నిజం కదులుతుంది. టైరాడ్ ఎండ్లకు ఇది తిరగబడుతుంది: చక్రాలు నేల మీదే ఉండాలి. ఒకరు స్టీరింగు కొంచెం కొంచెం అటూ ఇటూ ఆడిస్తుంటే, ఇంకొకరు జాయింటు మీద వేలు ఆనించి ఉంచాలి. చెవికి ఎక్కడిదో తెలియని టక్కు వేలికి చిక్కుతుంది.

చప్పుడు ఎప్పుడొస్తుందని అడిగేవాళ్లూ తక్కువే. ఒక్క చక్రం గుంతలో పడ్డప్పుడు మోగి, రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు మోగకపోతే ముందు స్టెబిలైజర్ లింకును అనుమానించాలి. "అలైన్‌మెంట్ చేయించాకే మొదలైంది" అని ఓనరు మొత్తుకుంటే "దానికీ దీనికీ సంబంధం లేదు" అంటారు. ఎందుకు లేదు? అలైన్‌మెంట్‌లో లోయరార్ము బోల్టులూ వదులు చేస్తారు. సరిగా బిగించకపోతే బ్రేకు వేసినప్పుడల్లా ఆర్ము జరిగి టక్కుమంటుంది. "గ్రీజు పూస్తే పోతుంది" అనే వైద్యం కూడా వద్దు, మామూలు గ్రీజుకు రబ్బరు బుష్ ఉబ్బి పాడవుతుంది.

అసలు "ముందు నుంచి" అన్న మాటే నమ్మదగింది కాదు. ఛాసిస్ ఇనుము వెనక చప్పుడును ముందు క్యాబిన్‌దాకా మోసుకొస్తుంది. బండి కదలగానే, లేదా రివర్సు వేయగానే ఒక్కసారి టక్కుమని ఆగిపోతే వెనక్కి వెళ్లి కమాన్ కట్టలు చూడండి. యూ బోల్టుల నట్ల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి, పక్కన మెరిసే రాపిడి గీత కనిపిస్తే అవి వదులైనట్టే. నట్లు సరైన టార్కుకు బిగించడం కాసేపటి పని. ఈలోపు ముందు చక్రాలకు కొత్త బాల్ జాయింట్లు వేసేసి, బిల్లు చేతిలో పెట్టేసి ఉంటారు.