కార్డు కాదు, కుదురు చూడాలి

వికలాంగులకు తోడుండే సర్వీస్ డాగ్ నేర్చుకోవలసిన పనుల్లో బయటివాళ్లకు కనబడనిది ఒకటుంది: ఊరికే పడుకుని ఉండటం. కిందపడిన తాళంచెవులు నోటితో అందించడం, తలుపు లాగడం, లైటు వేయడం చూసి అందరూ మురిసిపోతారు. రెస్టారెంట్‌లో బల్ల కింద గంటసేపు కదలకుండా, పక్కనే పడిన మాంసం ముక్క వైపు ముక్కు చాచకుండా ఉన్న కుక్కను ఎవరూ గమనించరు. నిజానికి శిక్షణలో ఎక్కువ భాగం ఆ కుదురు కోసమే.

అమెరికాలో చట్టం కన్నా ముందు తలుపులు తెరిపించింది కూడా ఆ కుదురే. నాష్‌విల్‌కు చెందిన మోరిస్ ఫ్రాంక్ చూపు కోల్పోయిన యువకుడు. జర్మనీలో యుద్ధంలో కళ్లు పోయిన సైనికులకు కుక్కలు దారి చూపుతున్నాయంటూ 1927లో డొరతీ యూస్టిస్ రాసిన పత్రికా వ్యాసం గురించి తెలిసి, ఆమెకు ఉత్తరం రాశాడు. స్విట్జర్లాండ్‌లోని ఆమె కేంద్రానికి వెళ్లి, బడ్డీ అనే జర్మన్ షెపర్డ్‌తో 1928లో తిరిగొచ్చాడు. న్యూయార్క్‌లో ఓడ దిగాక విలేకరుల ఎదుట, వాహనాలు కిక్కిరిసిన వెస్ట్ స్ట్రీట్‌ను బడ్డీ వెంట దాటి చూపించాడు. మరుసటి ఏడాదే ఫ్రాంక్, యూస్టిస్ కలిసి ‘సీయింగ్ ఐ’ శిక్షణ సంస్థను స్థాపించారు. 1935 నాటికి అమెరికా రైళ్లన్నీ ఇలాంటి కుక్కలను యజమానుల పక్కనే ఉండనిచ్చాయి.

ఆ సంస్థ ఇప్పుడు న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌లో ఉంది. ఎడిసన్ చుట్టుపక్కల తెలుగువారికి కారులో వెళ్లగల దూరమే. ఆ సంస్థ కూనలు ఏడెనిమిది వారాల వయసులో స్వచ్ఛంద కుటుంబాల ఇళ్లకు చేరతాయి. బస్సు, లిఫ్టు, బజారు, పిల్లల అల్లరి అన్నీ ఏడాదికి పైగా అక్కడే అలవాటవుతాయి. తర్వాత దాదాపు నాలుగు నెలలు శిక్షకుల దగ్గర, చివరికి కొన్ని వారాలు కొత్త యజమానితో సాధన. న్యూయార్క్ రాష్ట్రంలో ‘పపీస్ బిహైండ్ బార్స్’ సంస్థ 1997 నుంచి జైళ్లలోని ఖైదీల చేతే కూనలను పెంపించి, తర్ఫీదు ఇప్పిస్తోంది.

కుదురు అంటే భయంతో ముడుచుకోవడం కాదు. తోపుడుబండి చప్పుడుకు బెదిరే కూనకు ముందు దాన్ని దూరం నుంచే చూపిస్తారు. అది తల తిప్పి మనిషి వైపు చూడగానే తినుబండారం ఇస్తారు. కాస్త కాస్తగా దగ్గరికి తీసుకెళతారు. బెరుకు పోని కుక్కలను, ఎంత తెలివైనవైనా, పక్కన పెట్టేస్తారు. చూపులేనివారికి దారి చూపే కుక్కకు ఇంకో పాఠం కూడా ఉంటుంది. యజమాని ‘ముందుకు’ అన్నా ఎదురుగా కారు వస్తుంటే ఆగిపోవాలి. బెదిరిపోయిన కుక్కకు అంత నిబ్బరం ఎక్కడి నుంచి వస్తుంది?

1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం దుకాణదారు అడగగలిగినవి రెండే ప్రశ్నలు. ఇది వైకల్యం కారణంగా అవసరమైన సర్వీస్ డాగేనా? ఏ పనిలో తర్ఫీదు పొందింది? ధ్రువపత్రం అడగకూడదు, పని చేయించి చూపమనకూడదు. ఈ వెసులుబాటును వాడుకుని పెంపుడు కుక్కకు ఆన్‌లైన్‌లో కొన్న చొక్కా తొడిగేవాళ్లు పెరిగారు. విమానాల్లో జంతువుల వల్ల కలిగే ఇబ్బందులు 2016 తర్వాత 84 శాతం పెరిగాయని డెల్టా సంస్థ 2018లో ప్రకటించింది. 2021 జనవరి నుంచి మానసిక ఊరట కోసం వెంటతెచ్చే జంతువులను సర్వీస్ డాగ్‌లుగా గుర్తించనక్కర్లేదని విమానయాన నిబంధనలు మారాయి.

దాంతో అన్నిచోట్లా గుర్తింపు కార్డు తప్పనిసరి చేయాలన్న వాదన బలపడింది. ఆ వాదన తప్పు. చొక్కాలు అమ్మేవాళ్లే కార్డులూ అమ్ముతున్నారు. కుక్కకు సొంతంగా తర్ఫీదు ఇచ్చుకునే హక్కు చట్టం ఇచ్చింది. కార్డు తప్పనిసరి అయితే మొదట దెబ్బతినేది డబ్బులేని వికలాంగులే. అదుపు తప్పిన కుక్కను యజమాని నిలువరించకపోయినా, అది లోపల మలమూత్రాలు చేసినా బయటికి పంపమనే అధికారం దుకాణదారుకు ఇప్పటికే ఉంది. దాన్ని వాడరు, కార్డు కావాలంటారు.

అసలు లోటు వేరే ఉంది. శిక్షణ పూర్తికాని కుక్కకు సమాఖ్య చట్టం ప్రవేశ హక్కు ఇవ్వలేదు. దాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. న్యూజెర్సీ వంటి రాష్ట్రాలు శిక్షకులకూ ఆ హక్కు కల్పించాయి. దుకాణంలో కుదురుగా ఉండటం దుకాణంలోనే కదా నేర్పాలి! ఈ హక్కు దేశమంతటా ఒకేలా ఉండాలి.

అమెరికాలో రెస్టారెంట్లు, మోటళ్లు, కిరాణా కొట్లు నడుపుతున్న తెలుగువారు వేలల్లో ఉన్నారు. కుక్కంటే భయమనో, అలర్జీ అనో సర్వీస్ డాగ్‌తో వచ్చిన కస్టమర్‌ను వెనక్కి పంపడానికి చట్టం ఒప్పుకోదు. చూపులేని ఓ మహిళను ఆమె కుక్క కారణంగా డ్రైవర్లు పదేపదే ఎక్కించుకోనందుకు ఉబర్ సంస్థ 11 లక్షల డాలర్లు చెల్లించాలని 2021లో మధ్యవర్తి తీర్పు చెప్పారు. కౌంటర్ దగ్గర ఉండే సిబ్బందికి ఆ రెండు ప్రశ్నలు నేర్పండి. పనిలో ఉన్న కుక్కను పిలవకండి, నిమరకండి, ఏమీ పెట్టకండి. దాని యజమానికి అందరిలాగే బల్ల చూపించండి.