రాతినార రేకులు దించువారు

పట్టణములలో పాత ఇండ్లు కూలి, వాని చోట అంతస్తుల మేడలు లేచుచున్నవి. ఇంటితోపాటు పెరటిలోని కారు షెడ్డును పోవును. ఇల్లు పడగొట్టుటకు మేస్త్రీతో గట్టిగా బేరమాడిన యజమాని ఆ షెడ్డును లెక్కలోనికే తీసికొనడు. పైన నాలుగు బూడిదరంగు సిమెంటు రేకులు. ఒక పూట పని. ఇద్దరు కూలీలు పైకెక్కి సుత్తితో పగులగొట్టి ముక్కలను క్రిందికి విసరుదురు. చీపురుతో ఊడ్చినచో పని ముగిసినట్లే.

ఆ పాత రేకులలో ఇంచుమించు పదవ వంతు రాతినార ఉండును. ఆస్బెస్టాస్ అనునది ఇదియే. నిప్పునకు కాలదు, నీటికి చివుకదు, పైగా చవుక. కనుకనే బీదవాని గుడిసెకును, బడి వరండాకును, ధనికుని కారు షెడ్డునకును అదియే కప్పైనది. చెక్కుచెదరక నిలిచియున్నంతకాలము అది చేయు కీడు స్వల్పము. పగిలినపుడు, కోసినపుడు కంటి కగపడని పోగులు గాలిలోనికి లేచి, ఊపిరితిత్తులలో దిగబడును. ఆనాడు నొప్పి తెలియదు. ఇరువది, ముప్పది, ఒక్కొక్కప్పుడు నలువది ఏండ్లకు గాని క్యాన్సరు బయటపడదు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నరును ఆయన సహచరులును ఊపిరితిత్తుల పొరకు వచ్చు అరుదైన క్యాన్సరును గూర్చి ప్రకటించిన వ్యాసములోని రోగులందరు గనులలో పనిచేసినవారు కారు. గనుల సమీపమున ఊరక నివసించినవారును వారిలో ఉండిరి.

బ్రిటన్ 1999లో తెల్ల రాతినారను సైతము నిషేధించినది. మన దేశమున తెల్ల రాతినార రేకుల తయారీ నేటికిని సాగుచున్నది. 1995లో సుప్రీంకోర్టు ఈ పరిశ్రమలోని ప్రతి కార్మికుని ఆరోగ్య వివరములను, పనిలో చేరినది మొదలు 40 ఏండ్లు గాని, పని మానిన పిదప 15 ఏండ్లు గాని, ఏది ఆలస్యమైన అంతవరకు భద్రపరచవలెనని ఆదేశించినది. గొప్ప తీర్పే. కాని రేకును చేసినవానికి రిజిష్టరు కలదు, దించినవానికి ఏది? నలువది ఏండ్ల పిదప ఆయాసముతో ఆసుపత్రికి వచ్చిన ముసలివానికి, ఏ వీథిలో ఎవరి షెడ్డు దించెనో జ్ఞాపకముండునా?

రేకులో రాతినార ఉన్నదో లేదో చూపునకు తెలియదు. ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని చెప్పవలెను. పరీక్ష జరుగనిచో పాత రేకును ఉన్నదానిగనే ఎంచుట క్షేమము. దానిపై నీరు చల్లి తడిపి, బోల్టులు విప్పి, విరుగకుండ నిండు రేకుగా దించవలెను. దానిపై అడుగువేయరాదు, పెళుసు గనుక మనిషితో కూడ కూలును. ముక్కునకు చుట్టిన తువాలు ఈ పోగులను ఆపదు. సన్నని ధూళిని వడకట్టు మాస్కు బిగుతుగా అమరవలెను. పొడి నేలను ఊడ్వరాదు, తడిగుడ్డతో తుడువవలెను. దుస్తులను ఇంటికి గొనిపోరాదు; వానిని దులిపి ఉతుకు ఇల్లాలికిని ఆ ధూళియే ప్రాప్తించును. ముక్కలను మందపు ప్లాస్టిక్కులో రెండు చుట్లు చుట్టి, అపాయకర వ్యర్థములను పూడ్చు చోటికి పంపవలెను గాని, నేడు జరుగుచున్నట్లు వీథి గుంటలను పూడ్చుటకు వాడరాదు.

ఇట్లు చేసినచో ఒక పూట పని రెండు దినములగును. ఆ రెండవ దినపు కూలియు, మాస్కుల వెలయు యజమాని మేస్త్రీతో మాటాడు మొదటి బేరములోనే చేరవలసినవి.